ఆ కాణీలకి చింతపండు పెట్టకు వదినా

వదినా, ఆ గిన్నె కాస్త కింద పెట్టు. చింతపండు నానేసింది రాగి చెంబులకనుకున్నా. పక్కన ఆ కాణీల కుప్ప కనబడేసరికి గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చా. మీ అత్తగారి ట్రంకు పెట్టెలో పసుపుగుడ్డ ముడుపు ఉందన్నావే, అవేనా ఇవి? శ్రావణ శుక్రవారం పూజలోకి తళతళలాడేట్టు తోముదామనుకున్నావా? చెంబులు తోము, కుందులు తోము, నేనేమీ అనను. కాణీల జోలికి మాత్రం వెళ్ళకు. చేతులు శుభ్రంగా తుడుచుకుని ఇటు రా. గోడ మీద ఈ మెత్తటి తువ్వాలు పరుస్తున్నా, ఒక్కోటీ దీని మీద పెట్టు. అట్టా కాదు, బొమ్మ మీద వేలు పడకుండా అంచులు పట్టుకో. మన చెమటలో ఉప్పుంటుంది. రాగి మీద వేలిముద్ర పడిందంటే కొన్నాళ్ళకి అది అట్టాగే అచ్చుపడిపోతుంది. తర్వాత ఏం చేసినా వదలదు.

పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను. చింతపండులో టార్టారిక్ యాసిడ్ ఉంటుంది, నిమ్మకాయలో సిట్రిక్ యాసిడ్. ఈ కాణీ మీద గోధుమరంగు పొర చూశావా, నువ్వు మురికి అంటున్నది? అది మురికి కాదు. రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తన మీద తానే కప్పుకున్న పొర. మొదట ఎర్రగా వస్తుంది, తర్వాత గోధుమరంగు, ఏళ్ళు గడిచేకొద్దీ నలుపుకి తిరుగుతుంది. పల్చగా, గట్టిగా, అంతటా ఒకే తీరున ఉన్నంతకాలం అదే కింది లోహాన్ని కాపాడుతుంది. పులుపు తగలగానే ఆ పొర కరిగి నీళ్ళలోకి పోతుంది. లోపలి పచ్చి రాగి గులాబీరంగులో బయటపడుతుంది. నీకది మెరుపుగా కనిపిస్తుంది గానీ నాలుగు రోజులకే మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. మళ్ళీ తోముతావు. తోమినప్పుడల్లా అక్షరం కొంత, బొమ్మ కొంత అరిగిపోతాయి. చెంబుని ఎంత తోమినా నీళ్ళు పడుతూనే ఉంటుంది. కాణీకి దాని మీది రాత పోతే ఇంకేం మిగులుతుంది చెప్పు?

పీతాంబరి పొడీ వద్దు, విభూదీ వద్దు, ఇటుకపొడీ వద్దు, టూత్‌పేస్టూ వద్దు. పొడులన్నీ గీతలు పెట్టేవే. నాణేలు తెలిసినవాళ్ళు తోమిన కాణీని చూడగానే పక్కన పెట్టేస్తారు.

సరే, ఏమేమున్నాయో చూద్దాం రా. ఇదుగో, ఇది ఈస్టిండియా కంపెనీది. రెండు సింహాలు, మధ్యలో డాలు, కింద 1835. వెనక్కి తిప్పితే ఆకుల దండ మధ్యలో ఇంగ్లీషులో పావు అణా అని ఉంటుంది, పారశీ రాత కూడా ఉంటుంది. కంపెనీ ఏలుబడిలో ఉన్న దేశమంతటికీ ఒకే తీరు నాణేలని చట్టం చేసిన ఏడాదిది. అణాకి నాలుగు కాణీలు, రూపాయికి పదహారు అణాలు. అంటే రూపాయికి ఇవి అరవై నాలుగు. కొత్తగా ఉన్నప్పుడు దీని బరువు 6.47 గ్రాములు. మన కంసాలి దగ్గర చిన్న కాటా ఉంటుంది కదా, తూయించి రాసుకో. అరుగుదల ఎంతో తెలుస్తుంది, దొంగది అయితే అదీ బయటపడుతుంది.

ఈ విక్టోరియా రాణీ బొమ్మది 1862 నుంచి మొదలైన వరసలోది. 1876 దాకా ఆమె పేరు ముందు క్వీన్ అని ఉంటుంది, 1877 నుంచి ఎంప్రెస్ అని మారింది. అప్పటికి ఇంకా రాగే. 1906 నుంచి రాగి మాని కంచు పెట్టారు. నూటికి తొంభై ఐదు పాళ్ళు రాగి, మిగతాది తగరం, కాస్త జింకు. బరువు కూడా తగ్గించారు, కాబట్టి జార్జి రాజు బొమ్మ కాణీ కాస్త తేలిగ్గా ఉంటుంది. జాగ్రత్తలు మాత్రం రెంటికీ ఒకటే.

చిల్లి కాణీ కూడా ఉందే! పిల్లల మొలతాళ్ళకి కట్టేవాళ్ళు కదూ, మా నాయనమ్మ మా అందరికీ కట్టింది. ఇవి 1943 నుంచి 1947 దాకా వచ్చాయి. యుద్ధం రోజులు, రాగికి కరువు, అందుకే మధ్యలో చిల్లి పెట్టి లోహం మిగిల్చారు. బరువు 2 గ్రాములు కూడా ఉండదు. ఈ బుల్లిది నయా పైసా, 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద పైసలని లెక్క మారినప్పటిది. ఇదీ కంచే, దీన్నీ పారెయ్యకు.

అన్నిటికంటే నాకు ముచ్చటగా ఉంది ఈ మొద్దుది. గుండ్రంగా కూడా లేదు, మందంగా, అంచులు వంకరగా. రాయి అనుకుని నువ్వు పక్కన పడేశావు! ఎండ ఏటవాలుగా పడేట్టు పట్టుకో. గీతలు కనబడుతున్నాయా? పారశీ అక్షరాలవి. ఇది గోల్కొండ కాలందని నా నమ్మకం, తెలిసినవాళ్ళకి చూపించాలి. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా రాగి నాణేలు మన ఆంధ్ర దేశంలో చాలాచోట్ల దొరుకుతాయి. 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి దండెత్తి వచ్చాడు, చివరికి సంధి జరిగింది. ఆ తర్వాత హిజ్రీ 1068లో, అంటే మన లెక్కన 1657-58లో, ఆ సుల్తాను రాగి నాణెం మీద ఒక మాట కొట్టించాడు. అంతా మేలుతో, శుభంతో ముగిసిందని దాని భావం. రాజ్యం సగం వంగిపోయాక ఆ మాట రాయించాడంటే ఆయన మనసులో ఏముందో! 1687లో గోల్కొండ కూలిపోయింది. ఆ మాట మాత్రం పల్లెటూళ్ళ మట్టిలో ఇంకా దొరుకుతూనే ఉంది. దీని మీద ఉన్నది ఆ మాటేనో కాదో నాలుగు అక్షరాలు మిగిలుంటేనే కదా తేలేది? నువ్వు తోమితే ఆ నాలుగూ పోతాయి.

మన కర్లపాలెం పెట్టెలోకి ఇన్ని రకాలు ఎట్టా వచ్చాయంటావా? నిజాంపట్నం రేవు పక్కన ఉన్నాం వదినా. దాన్ని అప్పట్లో తెల్లవాళ్ళు పేటపోలి అని రాసుకునేవాళ్ళు. 1606లో డచ్చివాళ్ళు అక్కడ కొట్టు పెట్టారు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వచ్చి దిగారు. బట్టల బేరం. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికొచ్చింది. మన సర్కారు జిల్లాల్లో చెలామణీకని 1794లో, 1797లో ప్రత్యేకంగా రాగి నాణేలు కొట్టించారు, రూపాయికి నలభై ఎనిమిది అని వాటి మీదే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఎక్కడ కొట్టించారనుకున్నావు? ఇంగ్లండులో, బర్మింగ్‌హాం పక్కన సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద. అక్కడ్నించి ఓడల్లో మన తీరానికి తెచ్చారు. నీ కుప్పలో అది లేదు గానీ మన పక్క ఊళ్ళలో ఎవరి పెట్టె అడుగునో ఉండే ఉంటుంది. దాన్నెవరూ తోమకుండా ఉంటే బాగుండు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఈ రెండు కాణీలూ పక్కపక్కన పెట్టి చూడు. రెంటికీ చిలుము పట్టింది. దీనిది ముదురాకుపచ్చ, నున్నగా, గట్టిగా ఉంది, గోటికి రావట్లేదు. దాంతో భయం లేదు, కదిలించకపోతే అట్టాగే ఉండిపోతుంది. దీనిది చూడు, లేత ఆకుపచ్చ, పొడి పొడిగా, పుల్లతో తాకితే రాలుతోంది, కింద గుంట పడుతోంది. జబ్బు ఇదీ. మ్యూజియం వాళ్ళు బ్రాంజ్ డిసీజ్ అంటారు. దీనికి మూలం ఉప్పులో ఉండే క్లోరైడ్. అది రాగితో కలిసి లోపల నక్కి ఉంటుంది. తేమ, గాలి తగలగానే ఆకుపచ్చ పొడిగా మారుతుంది. మారేటప్పుడు కాస్త హైడ్రోక్లోరిక్ యాసిడ్ పుడుతుంది. ఆ యాసిడ్ లోపలి రాగిని తింటుంది, అందులోంచి మళ్ళీ అదే క్లోరైడ్ తయారవుతుంది. ఇట్టా తిరుగుతూనే ఉంటుంది, నాణెం పొడైపోయేదాకా. తేమని ఆపితే ఇది ఆగుతుంది. మన చేతిలో ఉన్న మందు అదొక్కటే.

మనకి సూర్యలంక తీరం ఎంత దూరమని? ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలు, గేటు గొళ్ళేలు ఏమవుతున్నాయో రోజూ చూస్తూనే ఉన్నాం. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటిందా, అప్పుడు మీ వెనక గది కారి ఆ పెట్టె తడిసిందని నువ్వే చెప్పావు. పసుపుగుడ్డ తడి పీల్చుకుంది, కాణీలు ఆ తడిలోనే ఉండిపోయాయి. ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఉన్నవాళ్ళు సొరుగులో పడేసినా కొన్నాళ్ళు ఆగుతుందేమో, మన తీరంలో ఆగదు.

ఈ పొడి రాలేదాన్ని ఇప్పుడే వేరే డబ్బాలో పెట్టు. మనిషి నుంచి మనిషికి అంటే రోగం కాదిది, కానీ ఆ పొడి పక్కదాని మీద పడితే దాంతోపాటు క్లోరైడూ వెళ్తుంది. ల్యాబుల్లో అయితే వాషింగ్ సోడా, వంటసోడా డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, ఆ నీళ్ళు మారుస్తూ వారాలు, నెలలు నానబెడతారు. దాంతో రంగు మారే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి ముఖ్యమైన నాణెం మీద మనం ప్రయోగాలు చేయకూడదు. బెంజోట్రయాజోల్ అని ఇంకో మందుంది, అది ఒంటికి మంచిది కాదు, ఇంట్లోకే తేవద్దు. చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో లోహాల వైద్యానికి 1930 నుంచే ల్యాబు ఉంది, పరమశివన్ గారనే కెమిస్టు మొదలుపెట్టారు. పాడైపోతున్న కంచు విగ్రహాలెన్నింటినో అక్కడ బాగుచేశారు. లక్నోలో కేంద్ర ప్రభుత్వం ల్యాబు 1976లో వచ్చింది. మరీ అరుదైనదని తేలితే అట్టాంటి చోట అడగాలి.

మట్టి పట్టినవాటిని కడగాలా? కడగొచ్చు, కానీ కుళాయి నీళ్ళతో కాదు, బోరు నీళ్ళతో అసలే కాదు. వాటిలో క్లోరైడ్ ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ సీసా బ్యాటరీల కొట్లో దొరుకుతుంది. నీళ్ళే అడుగు, యాసిడ్ ఇచ్చేరు, చూసి తీసుకో. అందులో నానబెట్టి, నీళ్ళు మార్చి, తీసి, రుద్దకుండా మెత్తటి నూలుగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. మొండిమట్టి అయితే మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ ఇస్తారు, అందులో కొన్నాళ్ళు వదిలేసి వెదురు పుల్లతో మెల్లగా కదిలించాలి. గుండుసూది, పిన్నీసు వద్దు.

కొబ్బరినూనె రాస్తే చాలదా అంటావా? దీపారాధన చేశాక ఇత్తడి కుందిలో మిగిలిన నూనె పచ్చగా మారడం నువ్వు రోజూ తుడుస్తూనే ఉన్నావుగా. మన వంటనూనెల్లో ఉండే ఆమ్లాలు లోహంలోని రాగిని కరిగిస్తే వచ్చే పచ్చదనమది. కాణీకి రాస్తే అక్కడా అదే జరుగుతుంది. కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం, ఏదైనా సరే వద్దు.

ఇంక దాచే పద్ధతి. ఆ పసుపుగుడ్డలో మళ్ళీ కట్టకు. అత్తగారి గుర్తుగా ఆ గుడ్డని ఆరబెట్టి విడిగా దాచుకో. న్యూస్‌పేపర్ వద్దు, రబ్బరుబ్యాండు వద్దు, అందులో గంధకం ఉంటుంది, రాగిని నల్లబరుస్తుంది. చెక్కపెట్టె చూడ్డానికి బాగుంటుంది గానీ కొన్ని చెక్కల్లోంచి ఆమ్లపు ఆవిరి వస్తూనే ఉంటుంది. కలరా ఉండలూ పక్కన పెట్టకు. మరీ జాగ్రత్తపడాల్సింది ఆల్బంలతో. బజార్లో మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే కవర్ల ఆల్బంలు అమ్ముతారు. అది పీవీసీ. ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి నాణెం మీద పచ్చటి జిగురు దిగుతుంది. పాలిస్టర్ కవర్లని, మైలార్ అని అడిగి తెప్పించుకో. గట్టి ప్లాస్టిక్ గుండ్రటి డిబ్బీలు వస్తాయి, అవీ మంచివే. ఒక్కో నాణెం ఒక్కో దాంట్లో పెట్టి, అన్నిటినీ గాలి చొరని మూత డబ్బాలో సర్ది, లోపల సిలికా జెల్ సంచులు వేయి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సంచులవే, మనం పారేస్తుంటాం. రంగు మారే రకం కొంటే తేమ పట్టినప్పుడు తెలిసిపోతుంది, మార్చేసుకోవచ్చు. పొడి రాలే జబ్బున్న నాణేనికి డబ్బాలో తేమ 40 శాతం లోపు ఉండాలి. వానాకాలంలో మన ఊళ్ళో గాలిలో దానికి రెట్టింపు తేమ ఉంటుంది. అందుకే డబ్బాని మాటిమాటికీ తెరవకు. ఎండకాసిన రోజు చూసి, వానలకి ముందోసారి, వెనకోసారి తీసి పలకరిస్తే చాలు.

పూజలో పెట్టకూడదా అని మొహం అట్టా పెట్టకు. నిక్షేపంగా పెట్టుకో. కలశంలో నీళ్ళలో వేయకు. పంచామృతం పోయకు, పెరుగులోనూ తేనెలోనూ ఆమ్లం ఉంటుంది. కుంకుమ నాణేనికి పెట్టకుండా కింద తమలపాకు దగ్గర పెట్టు. డిబ్బీతో సహా పీట మీద ఉంచి దణ్ణం పెట్టుకుంటే అమ్మవారు కాదంటుందా? మీ అత్తగారు రూపాయి రూపాయి కూడబెట్టిన మనిషి. ఆవిడ చేతి మీదుగా వచ్చినవాటిని ఉన్నవి ఉన్నట్టు నిలపడం కూడా పూజే.

రాసి పెట్టడం మరిచిపోకు. ఫొటోలు రెండు వైపులా తీయించు. ఏ నాణెం ఎవరిచ్చారు, ఏ పెట్టెలో ఉంది, ఎప్పుడు బయటికి తీశావు, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాయి. నీకు గుర్తున్నది నీ మనవరాలికి గుర్తుండదు. ఊరూ పేరూ తెలియని కాణీ బజార్లో వందల్లో దొరుకుతుంది. కర్లపాలెంలో ఫలానా ఇంట్లో ఫలానా అత్తగారు దాచినదని రాత ఉన్న కాణీ ఇంకెక్కడా దొరకదు.

మీ చిన్నాడు ఫోనులో చూసి లక్షలొస్తాయంటున్నాడా? వాణ్ణి గట్టిగా ఆపు. పాత నాణేలు కొంటాం, అమ్మిపెడతాం, ముందు ఫీజు కట్టండి అంటూ రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని మోసాలు చేస్తున్నారు, నమ్మొద్దని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. ముందు డబ్బడిగాడంటే దొంగే. ఇంకో రకం మోసం మన రాష్ట్రంలో కూడా ఉంది, రైస్ పుల్లింగ్ అంటారు. పిడుగు పడిన రాగి నాణెం బియ్యపు గింజల్ని లాగుతుందట, విదేశాలవాళ్ళు కోట్లిచ్చి కొంటారట! ఇల్లూ పొలం అమ్ముకున్నవాళ్ళున్నారు వదినా, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. రాగి అయస్కాంతానికే అతుక్కోదు, బియ్యాన్ని ఎక్కడ లాగుతుంది? గింజలకి ఇనుప రజను పట్టించి అయస్కాంతం దాచి చూపిస్తారు. రాముడి పట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ 1818 అని ఉన్న బిళ్ళలు కూడా ఎవరైనా తెస్తే కొనకండి. కంపెనీ అట్టాంటి నాణేలు ఎప్పుడూ కొట్టలేదు.

మీ పెద్దాడు సంక్రాంతికి వచ్చి వీటిని అమెరికా తీసుకెళ్తానన్నాడా? వాడి మనసు నాకు తెలుసు, నాయనమ్మ గుర్తులు దగ్గర పెట్టుకోవాలనుకుంటాడు. కానీ వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. వాడికి ఆ నయా పైసా ఇవ్వు, కంపెనీ కాణీకి మంచి ఫొటో తీసి పంపు. హైదరాబాదు వచ్చినప్పుడు సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించమను. నాణెం ఎట్టా తయారవుతుందో చూస్తే దాన్ని ఎట్టా చూసుకోవాలో వాళ్ళకే తెలుస్తుంది.

ఇంకో మాట చెప్పి వెళ్తా, పాలు పొయ్యి మీదున్నాయి. మీ తమ్ముడు యాజలి దగ్గర రొయ్యల చెరువు తవ్విస్తున్నాడన్నావు కదా? మిషను తవ్వేటప్పుడు కుండో, నాణేల ముద్దో బయటపడితే కూలీలు పంచేసుకోవడం, కడిగేయడం, రాగి ధరకి అమ్మేయడం జరుగుతుంటాయి. ముద్దగా ఉన్నది ముద్దగానే ఉంచాలి. ఏ నాణెం పక్కన ఏది ఉందో, ఏ కుండలో ఉందో అన్నీ కలిస్తేనే అది ఎప్పటిదో చెప్పగలుగుతారు. 1878 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకి ఐదో వంతు కలిపి ఇస్తుంది. దాచిపెడితే ఆ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి మనకి బాపట్లే జిల్లా అయింది, గుంటూరు దాకా పోనక్కర్లేదు. ఈ సాయంత్రమే మీ తమ్ముడికి ఫోను చేసి చెప్పు వదినా. ఏదైనా దొరికితే మట్టి దులపకుండా గోనెసంచి కప్పి, ముందు కలెక్టరాఫీసుకి కబురు పెట్టమను.